చెప్పిన మాట, చూపిన సాక్ష్యం: ప్రిప్రింట్ల యాంత్రిక పరిశీలనపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

సమీక్షకుల ఆమోదానికి ముందే రచయితలు అంతర్జాలంలో బహిరంగపరిచే పరిశోధన పత్రాలను ప్రిప్రింట్లు అంటారు. కోవిడ్ కాలంలో వేల సంఖ్యలో వెలువడిన ఇటువంటి పత్రాలలో పారదర్శకతకు, పునర్నిరూపణకు అవసరమైన సమాచారం ఉన్నదో లేదో కంప్యూటర్ సాధనాలతో పరిశీలించే ప్రయత్నం జరిగింది. ఆ ప్రయత్నాన్ని భాషాసాహిత్య పరిశోధకుని దృష్టితో విమర్శించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ సాధనాలలో కొన్ని పత్రంలోని వాక్యాన్ని మాత్రమే వెదుకుతాయి. కొన్ని ఆ వాక్యం వెనుక ఉన్న వస్తువును సరిచూస్తాయి. ఈ భేదాన్ని విస్మరించి రెండింటి ఫలితాలను ఒకే అంకెగా మార్చినప్పుడు, యంత్రం మెచ్చే విధంగా రాయడమే పరిశోధన లక్ష్యమైపోతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ప్రిప్రింట్, పారదర్శకత, పునర్నిరూపణ, యాంత్రిక పరిశీలన, సారూప్య శాతం, పరిశోధన భాష.

1. ఉపోద్ఘాతం

పరిశోధన పత్రాన్ని చదివేవారు రచయిత మాటను కేవలం నమ్మవలసిన అవసరం ఎంత తగ్గితే ఆ పత్రం అంత బలమైనది. ఏ సమాచారాన్ని ఎలా సేకరించారో, దేనిని ఎందుకు వదిలివేశారో, ఏ గణనతో ఫలితాన్ని రాబట్టారో దాచకుండా చెప్పడం పారదర్శకత. ఆ వివరాల ఆధారంగా మరొకరు అదే పనిని చేసి ఫలితాన్ని తిరిగి చూడగలగడం పునర్నిరూపణ. మొదటిది లేనిదే రెండవది సాధ్యం కాదు.

ఈ రెండూ ఎంత అరుదో గత దశాబ్దంలో స్పష్టమైంది. మనోవిజ్ఞాన శాస్త్రంలో ప్రచురితమైన 100 అధ్యయనాలను తిరిగి నిర్వహించి 2015లో సైన్స్ పత్రికలో ప్రకటించిన ఫలితాలు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. మూల అధ్యయనాలలో 97 శాతం సాంఖ్యకశాస్త్ర రీత్యా గణనీయమైన ఫలితాలను చూపగా, తిరిగి చేసినప్పుడు 36 శాతం మాత్రమే ఆ స్థాయిని అందుకున్నాయి. అవన్నీ సమీక్షకుల పరీక్ష దాటి అచ్చైన పత్రాలే.

ప్రిప్రింట్లకు ఆ పరీక్ష కూడా ముందుగా ఉండదు. భౌతిక, గణితశాస్త్రాలలో 1991 నుంచి ఆర్‌కైవ్, జీవశాస్త్రంలో 2013 నుంచి బయోఆర్‌కైవ్, వైద్యశాస్త్రంలో 2019 నుంచి మెడ్‌ఆర్‌కైవ్ ఇటువంటి పత్రాలకు నెలవులుగా ఉన్నాయి. 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు వైద్యులు, పాత్రికేయులు, ప్రభుత్వాలు కూడా ప్రిప్రింట్లను చదవవలసివచ్చింది. అన్నింటినీ ఓపికగా చదివి చెప్పగల మనుషులు చాలలేదు. యాంత్రిక పరిశీలన ఆ అవసరంలో నుంచి ముందుకు వచ్చింది.

తెలుగు శాఖలో పనిచేసేవారికి ఈ విషయంతో ఏమి సంబంధమని సందేహం కలగవచ్చు. ఈ సాధనాలలో అధికభాగం చేసే పని చదవడం. పత్రంలోని వాక్యాలను పట్టి రచయిత నిజాయితీని అంచనా కట్టడానికి అవి తోడ్పడతాయి. ఒక వాక్యం ఉండటానికీ, ఆ వాక్యం నిజం కావడానికీ మధ్య గల దూరాన్ని కొలవడం సాహిత్య విమర్శకు, పాఠపరిష్కరణకు పాత పనే.

2. యాంత్రిక పరిశీలన స్వరూపం

కోవిడ్ ప్రిప్రింట్ల పరిశీలనకు వివిధ దేశాల పరిశోధకులు ఒక బృందంగా ఏర్పడి, అప్పటికే విడివిడిగా ఉన్న సాధనాలను ఒకచోట చేర్చారు. అప్పట్లో బెర్లిన్‌లో పనిచేస్తుండిన ట్రేసీ వైస్‌గెర్బర్ ఈ బృందంలో ముఖ్యులు. బయోఆర్‌కైవ్, మెడ్‌ఆర్‌కైవ్‌లలో కొత్త కోవిడ్ పత్రం చేరగానే సాధనాలు దానిని చదివి నివేదిక తయారుచేసేవి. ఆ నివేదికను అందరూ చూడగలిగే వ్యాఖ్యగా వెలువరించేవారు. ఈ అనుభవాన్ని వారు 2021లో నేచర్ మెడిసిన్ పత్రికలో వివరించారు.

సాధనాల పనిని స్థూలంగా ఇలా చెప్పవచ్చు. సైస్కోర్ అనేది నైతిక అనుమతి ప్రస్తావన, యాదృచ్ఛిక విభజన, నమూనా పరిమాణాన్ని నిర్ణయించిన తీరు, ఎవరికి ఏ చికిత్స అందుతున్నదో పరిశీలకులకు తెలియకుండా ఉంచిన పద్ధతి వంటి వాటిని గురించిన వాక్యాలను వెదుకుతుంది. ఓడీడీపబ్ అనేది సమాచారాన్ని, గణన కోడ్‌ను బహిరంగంగా ఉంచినట్లు చెప్పే వాక్యాలను గుర్తిస్తుంది. మరొక సాధనం రచయితలు తమ అధ్యయన పరిమితులను అంగీకరించిన వాక్యాలను పట్టుకుంటుంది.

వేరొక తరగతి సాధనాలు వాక్యాలతో ఆగవు. బార్జూకా పత్రంలోని చిత్రాలను చూసి, విస్తరణను చూపవలసిన చోట సగటును మాత్రమే చూపే కడ్డీ పటాలను గుర్తిస్తుంది. జెట్‌ఫైటర్ ఇంద్రధనుస్సు రంగుల పటాలను గుర్తిస్తుంది. ఇటువంటి రంగులు వర్ణాంధత్వం ఉన్నవారికి తికమక కలిగించడమే కాక, సమాచారంలో లేని అంచులను ఉన్నట్లు భ్రమింపజేస్తాయి. ఇంకొక సాధనం ఔషధ ప్రయోగ నమోదు సంఖ్యలను పరిశీలిస్తుంది. సీక్ అండ్ బ్లాస్ట్‌ఎన్ అనేది పత్రంలో ఇచ్చిన జన్యుక్రమం రచయితలు చెప్పిన జన్యువుకు చెందినదో కాదో పోల్చి చూస్తుంది. ఉపసంహరించిన పత్రాలను ఆధారాలుగా చూపారేమో పరిశీలించే సాధనమూ ఉన్నది.

3. అంకెలు చెప్పినది

2020 జూలై 19కి ముందు చేరిన 6,570 కోవిడ్ ప్రిప్రింట్లను ఈ బృందం పరిశీలించింది. సమాచారాన్ని బహిరంగంగా ఉంచినవి 13.6 శాతం. గణన కోడ్‌ను ఉంచినవి 14.3 శాతం. ఒక్క పరిమితినైనా అంగీకరించినవి 34.4 శాతం. ఇంద్రధనుస్సు రంగుల పటాలు 7.6 శాతం పత్రాలలోను, తగని కడ్డీ పటాలు 7.3 శాతం పత్రాలలోను కనిపించాయి.

ఈ అంకెల విలువను తక్కువ చేయరాదు. ఆరువేలకు పైగా పత్రాలను ఒకే ప్రమాణంతో చదవడం ఏ సమీక్షక బృందానికీ ఆ కొద్ది నెలల్లో సాధ్యమయ్యేది కాదు. ఒక్కొక్క పత్రాన్ని విడిగా చదివే సమీక్షకుడు తన ఎదుట ఉన్న లోపాన్ని మాత్రమే చూస్తాడు. సుమారు మూడింట రెండు వంతుల పత్రాలలో పరిమితుల ప్రస్తావన దొరకలేదన్న విషయం సమూహాన్ని చూస్తేనే తెలుస్తుంది. అది ఒక రచయిత లోపంగా కాక ఒక రచనా సంస్కృతి లోపంగా కనిపిస్తుంది. ప్రిప్రింట్ దశలో పత్రం ఇంకా రచయిత చేతిలోనే ఉంటుంది కాబట్టి దిద్దుకొనే అవకాశమూ మిగిలి ఉంటుంది. రచయితలకు సాయపడాలన్నదే ఈ బృందం ప్రకటించిన ఉద్దేశం.

సాధనాలు పొరపాట్లు చేయగలవని, ఒక ప్రమాణం ఒక పత్రానికి వర్తిస్తుందో లేదో వాటికి తెలియకపోవచ్చని రూపకర్తలు కూడా అంగీకరించారు. గణిత నమూనాతో వ్యాధి వ్యాప్తిని ఊహించే పత్రంలో యాదృచ్ఛిక విభజన ప్రస్తావన లేకపోవడం లోపం కాదు. కాబట్టి ఇక్కడ చర్చించవలసినది సాధనాల పొరపాట్లను గురించి కాదు. అవి తమ పనిని తప్పులేకుండా చేసినప్పుడు మనకు ఏమి తెలుస్తుందన్నది అసలు ప్రశ్న.

4. వాక్యం ఉండటం, వాక్యం నిజం కావడం

మన ప్రబంధాల అవతారికలలో ఇష్టదేవతాస్తుతి, సుకవిస్తుతి, కుకవినింద వరుసగా వస్తాయి. ఈ అంగాలన్నీ ఉన్నాయో లేవో చెప్పగల యంత్రాన్ని నిర్మించడం కష్టం కాదు. అయితే కుకవినింద ఉన్నంతమాత్రాన ఆ కావ్యం సుకవి రచన అయిపోదు. ఒకప్పుడు అర్థవంతంగా మొదలైన అంగమే క్రమంగా సంప్రదాయమై, ప్రతి రచనలోనూ చోటుచేసుకొని, రచన గుణాన్ని గురించి ఏమీ చెప్పలేని స్థితికి చేరుతుంది. పరిశోధన పత్రంలోని పరిమితుల వాక్యానికీ ఈ ప్రమాదం ఉన్నది. "నమూనా పరిమాణం చిన్నది, మరింత పరిశోధన అవసరం" అన్న వాక్యం సాధనానికి దొరుకుతుంది. ఆ చిన్న నమూనా వల్ల తన నిర్ధారణలో ఎంత భాగం నిలుస్తుందో రచయిత ఆలోచించాడా లేదా అన్నది దొరకదు.

వాక్యానికీ సత్యానికీ గల దూరం ఎంతో చెప్పే అధ్యయనం ఒకటి 2022లో వెలువడింది. అడిగితే సమాచారం ఇస్తామని పత్రంలో రాసిన రచయితలకు లేఖలు రాసి నిజంగానే అడిగారు. అటువంటి 1,792 పత్రాలలో చివరకు సమాచారం అందినవి 122, అంటే 7 శాతం లోపే. తక్కినవారు జవాబివ్వలేదు, లేదా నిరాకరించారు. ప్రతి పత్రంలోనూ వాక్యం ఉన్నది. ఆ వాక్యం వెనుక వస్తువు మాత్రం చాలాచోట్ల లేదు. ఓడీడీపబ్ ఇటువంటి "అడిగితే ఇస్తాం" వాక్యాలను బహిరంగ సమాచారంగా లెక్కించదు. దాని రూపకర్తలు వాగ్దానాన్ని సాక్ష్యంగా స్వీకరించకపోవడం మెచ్చదగినది.

ఈ దృష్టితో చూసినప్పుడు పై సాధనాలు రెండు వర్గాలుగా విడిపోతాయి. కడ్డీ పటాన్ని, జన్యుక్రమాన్ని, నమోదు సంఖ్యను, ఉపసంహరించిన ఆధారాన్ని పరిశీలించేవి వస్తువును చూస్తాయి. యాదృచ్ఛికంగా విభజించామని, అనుమతి తీసుకున్నామని, పరిమితులు ఉన్నాయని రచయిత చెప్పుకున్న మాటను వెదికేవి వాక్యాన్ని చూస్తాయి. మొదటి వర్గం చేసేది పరీక్ష. రెండవ వర్గం చేసేది నమోదు. నమోదు కూడా అవసరమే, ఎందుకంటే చెప్పని దానిని ఎవరూ పరీక్షించలేరు. అయితే నివేదికలో రెండూ పక్కపక్కనే కనిపించినప్పుడు, నమోదుకు కూడా పరీక్షకు ఉన్న గౌరవమే దక్కుతుంది. ఈ పరిశీలనలోని ప్రధాన లోపం ఇదేనని నా అభిప్రాయం.

5. మనుషులు పట్టిన తప్పులు

2020 జనవరి 31న దిల్లీ పరిశోధకుల ప్రిప్రింట్ ఒకటి బయోఆర్‌కైవ్‌లో చేరింది. కొత్త కరోనా వైరస్ పైనున్న ముల్లు ప్రొటీన్‌లోని కొన్ని చిన్న భాగాలకు హెచ్ఐవీ ప్రొటీన్లతో విచిత్రమైన పోలిక ఉన్నదని అందులో సూచించారు. ఆ వార్త ప్రపంచమంతటా వ్యాపించింది. వైరస్‌ను ఎవరో తయారుచేశారన్న ఊహకు అది ఊతమిచ్చింది. అంత చిన్న భాగాల పోలిక యాదృచ్ఛికంగా అనేక ఇతర జీవులలోనూ దొరుకుతుందని శాస్త్రవేత్తలు వెంటనే చూపారు. రచయితలు కొద్ది రోజుల్లోనే పత్రాన్ని ఉపసంహరించుకున్నారు.

ఈ ఉదంతంలో రెండు విషయాలు గమనించదగినవి. ఆ పత్రంలోని తప్పు నివేదనలో లేదు, తర్కంలో ఉన్నది. ఏ సాధనమూ వెదికే వాక్యం అక్కడ లోపించి ఉన్నా, లేకపోయినా ఆ తప్పు అలాగే ఉండేది. అయితే ఆ తప్పు అంత త్వరగా బయటపడటానికి కారణం పారదర్శకతే. రచయితలు తాము పోల్చిన భాగాలను స్పష్టంగా చూపారు. జన్యు సమాచారం అందరికీ అందుబాటులో ఉన్నది. అందువల్ల చదివినవారెవరైనా ఆ పోలికను స్వయంగా చేసి చూడగలిగారు. పారదర్శకత తప్పును నివారించలేదు కాని, దానిని దాగనివ్వలేదు.

జపాన్‌కు చెందిన సంపాదకుడు త్సుయోషి మియాకావా అనుభవం దీనికి మరో పార్శ్వం. మాలిక్యులర్ బ్రెయిన్ పత్రికకు వచ్చిన పత్రాలలో 41 సందర్భాలలో, సమీక్షకు పంపడానికి ముందే మూల సమాచారాన్ని జతచేయమని ఆయన కోరారు. 21 పత్రాలను రచయితలు వెనక్కు తీసుకున్నారు. మిగిలిన 20లో 19 పత్రాలు, తగినంత మూల సమాచారం లేనందువల్ల తిరస్కరణకు గురయ్యాయి. 2020లో ఆయన ప్రకటించిన ఈ లెక్కలో యంత్రం పాత్ర లేదు. ఒక మనిషి మరొక మనిషిని "చూపండి" అని అడిగాడు, అంతే. వాక్యాన్ని వెదకడంకన్నా వస్తువును అడగడం ఎంత బలమైన పరీక్షో ఈ చిన్న అనుభవం తెలుపుతున్నది.

6. కొలబద్దకు ఒదిగే భాష

ఒక సహాయక సాధనం అర్హతను నిర్ణయించే అంకెగా మారడానికి ఎక్కువ కాలం పట్టదు. సైస్కోర్ తాను చదివిన పత్రానికి పదికి ఇన్ని అని మార్కు వేయగలదు. అటువంటి మార్కుల సగటుతో పత్రికలను పోల్చే సూచిక ఒకటి 2020లోనే ప్రతిపాదితమైంది. అంకె పుట్టిన తరువాత దాని కోసం రాయడం మొదలవుతుంది. ఇది ఊహ కాదు. సారూప్య పరీక్ష విషయంలో ఇప్పటికే జరిగిన చరిత్ర.

గియోమ్ కబానాక్, సిరిల్ లబ్బే, అలెగ్జాండర్ మగజినోవ్ 2021లో ఒక ప్రిప్రింట్‌లో "చిత్రహింసకు గురైన పదబంధాలు" అనదగిన వింత భాషను బయటపెట్టారు. వీరిలో మొదటి ఇద్దరు కోవిడ్ ప్రిప్రింట్ల పరిశీలన బృందంలోనూ ఉన్నవారే. ఆ పత్రాలలో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనవలసిన చోట 'నకిలీ చైతన్యం' అనే అర్థం వచ్చే కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్ కనిపించింది. బ్రెస్ట్ క్యాన్సర్ 'వక్షస్థల ఆపద' అనే అర్థంలో బాజమ్ పెరిల్ అయింది. సారూప్యాన్ని లెక్కించే యంత్రం కంటపడకుండా ఉండటానికి, పదాలను మార్చే మరో యంత్రం చేసిన పని ఇదని వారు భావించారు. ఒక యంత్రానికి భయపడి మరొక యంత్రంతో రాయించిన ఆ భాషలో ఏ మనిషీ ఏ మనిషితోనూ మాట్లాడటం లేదు. ఇన్ని వింతలు అచ్చు దాకా వచ్చాయంటే, ఆ పత్రాలను శ్రద్ధగా చదివినవారు లేరని అర్థం.

ఇది ఇంగ్లీషు పత్రాలకే పరిమితమైన వ్యాధి కాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నిబంధనలు సారూప్యాన్ని 10, 40, 60 శాతాల వద్ద విభజించి చర్యలను నిర్దేశించాయి. ఉద్దేశం మంచిదే, యథోచితంగా ఉదాహరించిన భాగాలను లెక్కనుంచి మినహాయించాలని కూడా అవి చెబుతున్నాయి. ఆచరణలో మాత్రం శాతం ముందుకు వచ్చి, చదవడం వెనక్కు పోయింది. కొంతకాలం క్రితం అలంకారశాస్త్ర సంబంధమైన ఒక సిద్ధాంత వ్యాసభాగం నా పరిశీలనకు వచ్చింది. జతచేసిన ధ్రువపత్రంలో సారూప్యం చాలా తక్కువ. ఆ అంకెను చూసి నిశ్చింతగా పేజీలు తిప్పాను. రెండవసారి చదువుతున్నప్పుడు ఒకచోట 'ధ్వని సిద్ధాంతం' 'శబ్ద సూత్రం'గా, మరొకచోట 'అలంకారశాస్త్రం' 'ఆభరణ విజ్ఞానం'గా మారి ఉండటం కనిపించింది. అడిగినప్పుడు ఆ విద్యార్థి ఏమీ దాచలేదు. మొదటి ప్రతిలో పదాలు సరిగానే ఉన్నాయని, శాతం ఎక్కువ వచ్చిందని తిప్పి పంపినప్పుడు ఒక అంతర్జాల సాధనంతో తిరగరాయించానని చెప్పాడు. సరైన పారిభాషిక పదం వాడినందుకు వెనక్కు వచ్చిన రచన, తప్పు పదం వాడి ధ్రువపత్రం పొందింది. మొదటిసారి అంకెను చదివి వ్యాసాన్ని చదవని నాకూ ఆ తప్పులో భాగమున్నది.

పారదర్శకతను అంకెగా మార్చినా జరిగేది ఇదే. నైతిక అనుమతి వాక్యం, పరిమితుల వాక్యం, సమాచార లభ్యత వాక్యం ముందే తయారై ప్రతి పత్రంలోనూ వచ్చి చేరతాయి. అప్పుడు 34.4 శాతం 90 శాతమైనా ఆశ్చర్యం లేదు. ఆ పెరుగుదల నిజాయితీ పెరుగుదల అవుతుందా అన్నదానికి ఆ అంకెలో జవాబు ఉండదు.

7. తెలుగు పరిశోధనకు అన్వయం

పాఠపరిష్కరణలో మన పూర్వులు ఈ సమస్యను వేరొక రూపంలో ఎదుర్కొన్నారు. ఏయే ప్రతులు చూశారో, అవి ఎక్కడ లభించాయో, పాఠాంతరాలు ఏవో పీఠికలోను, అధోజ్ఞాపికలలోను చూపిన పరిష్కర్తతో మనం విభేదించగలం. "అనేక ప్రతులు పరిశీలించి" అని మాత్రమే రాసిన పరిష్కర్తను నమ్మడమో, మానడమో తప్ప చేయగలిగింది లేదు. మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని కుమారసంభవాన్ని వెలుగులోకి తెచ్చిన తరువాత కవి కాలం మీద, కర్తృత్వం మీద దశాబ్దాలపాటు వాదోపవాదాలు సాగాయి. ఆ వాదాలలో నిలిచినవి కాని, వీగినవి కాని ప్రతి, భాష, ఛందస్సు, శాసనం వంటి చూపదగిన సాక్ష్యాల మీదనే నిలిచాయి, వీగాయి.

వాక్యానికీ వస్తువుకూ గల భేదం ఇక్కడ కూడా వర్తిస్తుంది. క్షేత్రపర్యటనలో పాటలు సేకరించామని చెప్పే జానపద పరిశోధన, ఆ ధ్వనిముద్రణలు ఎక్కడ భద్రంగా ఉన్నాయో చెప్పాలి. పదాల పౌనఃపున్యాన్ని లెక్కించామని చెప్పే భాషాశాస్త్ర పత్రం, లెక్కించిన పాఠాన్ని జతచేయాలి. ఏ ముద్రణను ఆధారం చేసుకున్నదీ కావ్య విమర్శ చెప్పాలి. ఇవి ఉన్నాయో లేవో ముందుగా గుర్తుచేసే చిన్న సాధనం తెలుగుకు వస్తే దానిని ఆహ్వానించవలసిందే. ధ్రువపత్రాన్ని ఇచ్చే యంత్రంగా కాక, రచయితను ప్రశ్నించే సహాయకునిగా అది రావాలి.

8. ముగింపు

పై చర్చవల్ల తేలిన అంశాలు ఇవి.

1. ప్రిప్రింట్ల యాంత్రిక పరిశీలన ఒక రచనా సంస్కృతిలోని లోపాలను సమూహ స్థాయిలో చూపగలిగింది. విడివిడి సమీక్షలు ఈ పని చేయలేవు.

2. వాక్యాన్ని నమోదు చేసే సాధనాలను, వస్తువును పరీక్షించే సాధనాలను నివేదికలు స్పష్టంగా వేరుచేయాలి. 'ప్రస్తావన కనిపించింది', 'సరిచూడబడింది' అనేవి రెండు వేరువేరు తీర్పులు.

3. నివేదిక మొదట రచయితకు ప్రశ్నగా చేరాలి. దానిని మార్కుగా, సూచికగా, నియామకానికో పదోన్నతికో కొలమానంగా మార్చరాదు.

4. యంత్రం మిగిల్చిన సమయాన్ని సంపాదకులు, సమీక్షకులు, పర్యవేక్షకులు మూల సమాచారాన్ని అడగడానికి, పత్రాన్ని చదవడానికి వినియోగించాలి. ఆ సమయం కూడా అంకెలు చూడటంలోనే గడిచిపోతే పరిశీలన వల్ల కలిగిన ప్రయోజనం లేదు.

చివరి అంశం నాకు నేను చెప్పుకుంటున్నది కూడా. ఆ విద్యార్థి తన అధ్యాయంలో 'ధ్వని'ని తిరిగి 'ధ్వని'గానే రాశాడు. సారూప్య శాతం కొంత పెరిగింది. పెరిగిన శాతానికి కారణాన్ని వివరిస్తూ, అవి శాస్త్రంలో స్థిరపడిన పారిభాషిక పదాలని, అధ్యాయాన్ని నేను పూర్తిగా చదివానని రాసి సంతకం చేశాను.